45 ఏళ్ల ఫోర్‌మన్ 26 ఏళ్ల ఛాంపియన్‌ను ఎలా పడగొట్టాడు?

మీరు ఒక్క ప్రశ్నగా రాశారు కానీ అందులో మూడు ఉన్నాయి. 1994లో జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్ల వయసులో, తనకంటే దాదాపు 19 ఏళ్లు చిన్నవాడైన మైఖేల్ మూరర్‌ను నాకౌట్ చేసి ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ ఎలా గెలిచాడన్నది మొదటిది. అది ముందే మాట్లాడుకున్న ఆట అని మీ మామయ్యగారు అంటున్నారు, నిజమేనా అన్నది రెండోది. కాలేజీ రోజుల్లో వదిలేసిన బాక్సింగ్‌ను ఇప్పుడు 39 ఏళ్లకు మళ్లీ మొదలుపెట్టవచ్చా అన్నది మూడోది.

నేను విశాఖపట్నంలో 28 ఏళ్లపాటు పిల్లలకు బాక్సింగ్ నేర్పాను. నేను ఆడిందంతా అమెచ్యూర్ బాక్సింగే, డబ్బు కోసం ఎప్పుడూ రింగ్ ఎక్కలేదు. కాబట్టి ఫోర్‌మన్ మనసులో ఏముందో చెప్పలేను. కాళ్లకూ చేతులకూ ఏమవుతుందో మాత్రం చెప్పగలను.

మామయ్యగారి అనుమానం సంగతి ముందు తేల్చేద్దాం. ఆ రోజుకు మైక్ టైసన్ జైల్లో ఉన్నాడు. 1995 మార్చిలో బయటికి వచ్చాడు. అతను బయటికి వచ్చేసరికి హెవీవెయిట్ బెల్టులు ఎవరి నడుముకు ఉంటే వాళ్లకు అతనితో ఆడే పోటీలో పెద్ద మొత్తం దక్కే అవకాశం కళ్లెదుటే ఉంది. 35 పోటీల్లో ఒక్కటి కూడా ఓడని మూరర్, ఆరున్నర నెలల కిందటే ఇవాండర్ హోలీఫీల్డ్‌ను ఓడించి ఛాంపియన్ అయినవాడు, అంత ఆదాయాన్ని చేజేతులా ఎందుకు వదులుకుంటాడు? పైగా తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ మూరరే ముందున్నాడు. ఇద్దరు 88-83 అని, ఒకరు 86-85 అని వేశారు. ముందే రాసుకున్న ఆటయితే పదో రౌండ్ దాకా అంత వెనకబడి ఉండాల్సిన అవసరం ఫోర్‌మన్‌కు లేదు. ఆ దెబ్బ నిజమైన దెబ్బే.

ఇక అసలు ప్రశ్న. వయసు మీద పడితే బాక్సర్‌లో ఏది ముందు పోతుందో తెలిస్తేగానీ ఫోర్‌మన్ చేసిన పని అర్థం కాదు. చాలామంది బలం పోతుందనుకుంటారు. కాదు, బలం చివరికి పోతుంది. ముందు పోయేవి కాళ్లు. వాటి తర్వాత, చూసినదానికి చెయ్యి స్పందించే వేగం.

నాకు 42 ఏళ్లప్పుడు జరిగిన సంగతి చెబుతాను. మా దగ్గర నేర్చుకునే 19 ఏళ్ల కుర్రవాడితో స్పారింగ్‌కు, అంటే సాధన కోసం ఆడే పోటీకి, దిగాను. అతను జాబ్ (ముందున్న చేత్తో సూటిగా వేసే దెబ్బ) వేయబోతున్నాడని నాకు ముందే తెలుసు. జాబ్‌కు ముందు ఎడమ భుజం కాస్త పైకెత్తే అలవాటు అతనిది. ఆ అలవాటు మానమని వారం రోజులుగా తిడుతున్నది నేనే. భుజం లేచింది, చూశాను. ఇప్పుడు వస్తుంది అనుకున్నాను కూడా. నా కుడి గ్లవ్ గడ్డం దగ్గరి నుంచి ముక్కు దాకా, అంటే నాలుగు వేళ్ల దూరం కదిలేలోపే అతని జాబ్ ముక్కు మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాస్టారూ, గట్టిగా తగిలిందా?" అని ఆగాడు. తగిలిన దెబ్బ కంటే ఆ ప్రశ్నే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇరవై ఏళ్ల వయసులో అదే జాబ్‌ను చూడకుండానే తప్పించుకునేవాణ్ణి.

మర్నాడు నేను వేగం పెంచుకోవడానికి ప్రయత్నించలేదు, పెరగదు కాబట్టి. అర అడుగు వెనక నిలబడ్డాను. అతని జాబ్ పూర్తిగా చాచినా నా ముక్కుకు బెత్తెడు దూరంలో ఆగేలా చూసుకున్నాను. అది వెనక్కి వెళ్లేటప్పుడు నా చెయ్యి వేశాను. మూడు రౌండ్లు బాగానే గడిచాయి. అతను తెలివి ఉపయోగించి నా చుట్టూ తిరిగి ఉంటే రెండో రౌండ్‌కే నా ఊపిరి అయిపోయేది. గౌరవంతోనో, నన్ను కొట్టేయాలన్న తొందరతోనో నా ఎదురుగానే నిలబడిపోయాడు.

ముసలి బాక్సర్ల విజయాలన్నింటి వెనుకా నాకు కనిపించేది ఇదే. పెద్దవాడు ఎంత గొప్పవాడైనా, కుర్రవాడు ఆయన నడకకు తన నడక కలిపితేనే గెలుపు. కలపకపోతే గెలుపు లేదు. కుర్రవాడి చేత ఆ పని చేయించడంలోనే పెద్దవాడి విద్య అంతా ఉంది.

1970ల ఫోర్‌మన్‌కు ఈ విద్య రాదు. అప్పుడు అవసరమూ లేదు. 1973 జనవరిలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు. ఎదుటివాణ్ణి తోసి, మూలకు నెట్టి, రెండు చేతులా బాదడమే ఆయన పద్ధతి. ఆ పద్ధతికి దమ్ము తక్కువని 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ముహమ్మద్ అలీ బయటపెట్టాడు. తాళ్లకు ఆనుకుని నిలబడి, కొట్టుకోమని వదిలేశాడు. ఎనిమిదో రౌండ్‌కు ఫోర్‌మన్ చేతులు బరువెక్కాయి. నాకౌట్ అయ్యాడు. 1977లో ప్యూర్టోరికోలో జిమ్మీ యంగ్ చేతిలో ఓడిన రాత్రి డ్రెస్సింగ్ రూములో తనకు దైవానుభవం కలిగిందని చెప్పి బాక్సింగ్ మానేశాడు. హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు. పదేళ్లు గ్లవ్స్ ముట్టుకోలేదు. పిల్లల కోసం నడుపుతున్న యూత్ సెంటర్‌కు డబ్బు కావాల్సి వచ్చి 1987 మార్చిలో తిరిగి రింగ్ ఎక్కినప్పుడు ఆయన బరువు 120 కిలోలు దాటింది. అందరూ నవ్వారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. హాంబర్గర్ల మీద తనే జోకులు వేసుకునేవాడు.

ఈ పదేళ్ల విరామాన్ని చాలామంది నష్టం కింద రాస్తారు. నా లెక్కలో అది లాభం. వయసు వేరు, తిన్న దెబ్బల లెక్క వేరు. 28 నుంచి 38 ఏళ్ల దాకా ఏ హెవీవెయిట్ అయినా తలమీద తినే దెబ్బల్లో ఫోర్‌మన్ ఒక్కటీ తినలేదు. 45 ఏళ్ల మనిషే కానీ దెబ్బల లెక్కలో అంత వయసు లేదు.

రెండోసారి వచ్చిన ఫోర్‌మన్ వేరే బాక్సర్. మూడు సంగతులు గమనించండి. మొదటిది, ఊపిరి. పెద్ద ఊపుతో బాదడం మానేసి నెమ్మదిగా, బరువుగా జాబ్ వేయడం మొదలుపెట్టాడు. ఆయన జాబ్ మామూలు జాబ్ కాదు, గడపకు అడ్డంగా దూలం పెట్టినట్టు ఉండేది. రెండోది, గార్డ్. రెండు ముంజేతులనూ ఛాతీకీ ముఖానికీ ముందు అడ్డంగా మడిచి ఉంచేవాడు. కాళ్లతో తప్పించుకోలేనివాడికి చేతులే గోడ. మూడోది, స్టూలు. రౌండ్ల మధ్య విరామంలో కూర్చోకుండా నిలబడే ఉండేవాడు. అందులో శరీరానికి విశ్రాంతి ఏమీ లేదు. ఎదుటి మూల నుంచి చూసేవాడికి మాత్రం ఈయన అలసిపోలేదేమో అనిపిస్తుంది. 1991 ఏప్రిల్‌లో హోలీఫీల్డ్‌తో అట్లాంటిక్ సిటీలో 12 రౌండ్లు ఆడినప్పుడూ అలాగే నిలబడ్డాడు. పాయింట్ల మీద ఓడిపోయాడు కానీ, ఓడినవాడి పేరే జనం నోళ్లలో ఎక్కువ నానింది.

ఆ అడ్డ చేతుల గార్డ్‌కు ఒక వంశవృక్షం ఉంది. అది ఆర్చీ మూర్ నుంచి వచ్చింది. ఈ మూర్ వేరు, మైఖేల్ మూరర్ వేరు, పేర్లు దగ్గరగా ఉండి తికమక పెడతాయి. కిన్షాసాలో ఫోర్‌మన్ కార్నర్‌లో, అంటే రింగ్ మూలన ఉండే సహాయకుల్లో, ఉన్న పెద్దమనిషి ఆర్చీ మూరే. ఫోర్‌మన్ తిరిగి వచ్చాక కూడా సలహాలిచ్చాడు. ఆయన సంగతి కాసేపట్లో చెబుతాను.

1994 నవంబరు 5, లాస్ వేగస్. నిజం చెప్పాలంటే ఆ పోటీకి ఫోర్‌మన్ అర్హుడు కాడు. అంతకుముందు ఆడిన చివరి పోటీలో, 1993 జూన్‌లో, టామీ మారిసన్ చేతిలో ఓడి ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నాడు. పోటీకి గుర్తింపు ఇవ్వడానికి ఒక సంఘం ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లి సాధించుకున్నాడు. జనాదరణ ఉన్న ముసలివాడు, ప్రమాదం తక్కువ, డబ్బు ఎక్కువ అని మూరర్ వర్గం లెక్క వేసుకుంది. ఆ రాత్రి ఫోర్‌మన్ వేసుకున్నది ఇరవై ఏళ్ల కిందట అలీ చేతిలో ఓడినప్పుడు వేసుకున్న ఎర్ర నిక్కరే. కార్నర్‌లో ఏంజెలో డండీ ఉన్నాడు, కిన్షాసాలో అలీ వైపు నిలబడిన ఆ డండీయే.

మూరర్ ఎడమచేతి వాటం మనిషి. హెవీవెయిట్ ఛాంపియన్ అయిన మొదటి సౌత్‌పా. కుడి జాబ్ చురుగ్గా వేస్తూ తొమ్మిది రౌండ్లు ఫోర్‌మన్ ముఖాన్ని వాచేలా కొట్టాడు. కన్ను చుట్టూ ఉబ్బింది. చూసేవాళ్లకు ఇది మూరర్ రాత్రే. కానీ మూరర్ ట్రెయినర్ టెడ్డీ అట్లస్ కంగారు పడుతూనే ఉన్నాడు. ఎదురుగా నిలబడొద్దు, కదులు, కొట్టి పక్కకు వెళ్లు అని మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. మూరర్ గెలుస్తున్నాడు కాబట్టి వినలేదు. గెలుస్తున్నవాడికి కోచ్ మాట చెవికెక్కదని 28 ఏళ్లలో నాకు బాగా అనుభవమే.

ఫోర్‌మన్ ఏం చేస్తున్నాడు? ఓడిపోతూ కొలుస్తున్నాడు. సౌత్‌పాను కొట్టడానికి పెద్ద ఆయుధం కుడి చెయ్యి, అది సూటిగా అతని రెండు చేతుల మధ్య నుంచి దూరిపోతుంది. ఫోర్‌మన్ మాత్రం తొమ్మిది రౌండ్లు ఆ కుడి చేతిని పొదుపుగానే వాడాడు. ఎడమ జాబ్ వేస్తాడు, పక్క నుంచి హుక్ వేస్తాడు, పొట్టమీద ఒకటి వేస్తాడు. వేసిన ప్రతిసారీ మూరర్ ఎంత దూరంలో ఆగుతున్నాడో చూసుకున్నాడు. పదో రౌండ్ వచ్చేసరికి ఆ దూరం అచ్చంగా తన కుడి చెయ్యి అందేంత. మొదట ఒక ఎడమ, కుడి జంట పడింది. కుడి కాస్త పైన, నుదుటి వైపు తగిలింది. మూరర్ కదల్లేదు. అదే చోట, అదే దూరంలో నిలబడి ఉన్నాడు. రెండో జంటలో ఎడమ చెయ్యి మూరర్ గార్డ్‌ను కళ్ల మీదికి లేపింది, కుడి చెయ్యి కింద నుంచి గడ్డం మీద దిగింది. ఒక్క జానెడు ప్రయాణించిన దెబ్బ అది, ఊపే లేదు. మూరర్ వెల్లకిలా పడ్డాడు. రిఫరీ జో కోర్టెజ్ పది లెక్కపెట్టేలోపు లేవలేకపోయాడు. రౌండ్‌లో 2 నిమిషాల 3 సెకన్లు అయింది. ఫోర్‌మన్ తన మూలకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని తల వంచి ప్రార్థించాడు.

టైటిల్ పోగొట్టుకున్న ఇరవై ఏళ్ల ఆరు రోజులకు తిరిగి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కథ అంత అందంగా లేదు. 1995లో ఆక్సెల్ షుల్జ్ మీద జడ్జీలు ఆయన్ను గెలిపించిన తీరు నాకు మింగుడుపడలేదు. షుల్జ్ గెలిచాడని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ బెల్టులు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. 1997లో షానన్ బ్రిగ్స్‌తో పోటీలో మాత్రం లెక్క తిరగబడింది. ఆ రాత్రి ఫోర్‌మన్ గెలిచాడని చూసినవాళ్లలో చాలామంది అనుకున్నారు, జడ్జీలు బ్రిగ్స్‌కు ఇచ్చారు. మొత్తం 81 పోటీల్లో 76 గెలిచి రింగ్ దిగాడు. 2025 మార్చిలో, 76 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆర్చీ మూర్ కథ వేరు. ఫోర్‌మన్ పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకున్నాడు. మూర్‌కు మంచి వయసులో అవకాశమే ఇవ్వలేదు. 1940లలో లైట్ హెవీవెయిట్‌లో ఆయనంటే అందరికీ భయం. నల్లజాతి బాక్సర్, బలమైన మేనేజర్ లేడు, ఓడిస్తాడన్న నమ్మకం మాత్రం అందరికీ ఉంది. ఇంకేం, ఏళ్లకేళ్లు తప్పించుకు తిరిగారు. చివరికి 1952 డిసెంబరులో సెయింట్ లూయిస్‌లో జోయీ మాక్సిమ్‌ను ఓడించాడు. ఛాంపియన్‌గా దిగిన మాక్సిమ్‌కు లక్ష డాలర్లు, గెలిచిన మూర్‌కు దక్కింది 800 డాలర్లు. అప్పటికి ఆయన వయసు 36, కాకపోతే 39. తల్లి చెప్పిన పుట్టిన సంవత్సరం 1913, ఈయన చెప్పినది 1916. అమ్మ మాట కాదనలేక, తన మాట వదులుకోలేక, బహుశా నేను మూడేళ్ల వయసులో పుట్టి ఉంటాను అని నవ్వించేవాడు.

1958 డిసెంబరులో మాంట్రియల్‌లో ఈవాన్ డ్యురెల్ అనే కెనడా జాలరి ఆయన్ను మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు కింద పడేశాడు. ఐదో రౌండ్‌లో ఇంకోసారి. మామూలు మనిషయితే మొదటి రౌండ్‌లో మూడోసారి పడ్డాక లేవడు. మూర్ లేచాడు, చేతులు అడ్డంగా మడిచి గోడ కట్టుకున్నాడు, ఊపిరి తెచ్చుకున్నాడు, 11వ రౌండ్‌లో డ్యురెల్‌ను నాకౌట్ చేశాడు. ఆ పోటీని నా శిష్యులకు చూపించేటప్పుడు మొదటి రౌండ్ చూపించను. రెండు, మూడు, నాలుగు రౌండ్లు చూపిస్తాను. అప్పుడు ఏమీ జరగనట్టే ఉంటుంది. డ్యురెల్ ఆ గోడ మీద గుద్దిగుద్ది తన బలం ఖర్చు చేసుకుంటున్నది ఆ రౌండ్లలోనే.

జెర్సీ జో వాల్కాట్‌ను కూడా తలచుకోవాలి. 1930 నుంచి రింగ్‌లో ఉండి, పేదరికంతో మధ్య మధ్య ఆట మానేసి కూలిపనులు చేసి, ఆరుగురు పిల్లలను పెంచుతూ టైటిల్ కోసం నాలుగుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లు జో లూయిస్ చేతిలో, రెండుసార్లు ఎజర్డ్ చార్ల్స్ చేతిలో ఓడాడు. 1951 జులైలో పిట్స్‌బర్గ్‌లో ఐదోసారి. ఏడో రౌండ్‌లో ఒక్క ఎడమ హుక్, చార్ల్స్ బోర్లా పడ్డాడు. వాల్కాట్ వయసు 37. హెవీవెయిట్ టైటిల్ గెలిచినవాళ్లలో పెద్ద వయసు రికార్డు ఫోర్‌మన్ వచ్చేదాకా 43 ఏళ్లు ఆయన పేరునే ఉంది. ఆటలో ఆయనకో చిలిపి పని ఉండేది. పోటీ మధ్యలో ఇక చాలన్నట్టు ఎదుటివాడి నుంచి పక్కకు తిరిగి నాలుగడుగులు నడిచి వెళ్లిపోయేవాడు. కుర్రవాడు వెనకే వచ్చేవాడు. హఠాత్తుగా తిరిగి కొట్టేవాడు.

ఇంతవరకూ చెప్పినవాళ్లందరి దగ్గరా ఒక పెద్ద దెబ్బ ఉంది. బెర్నార్డ్ హాప్కిన్స్‌కు ఆ వయసులో అదీ లేదు. నన్నడిగితే ఈ జాబితాలో అందరికంటే గొప్ప పనివాడు ఆయనే. ఫిలడెల్ఫియా మనిషి, 1965లో పుట్టాడు. కుర్రతనంలో దోపిడీ కేసుల్లో దాదాపు ఐదేళ్లు గ్రేటర్‌ఫోర్డ్ జైల్లో ఉండి 1988లో బయటికి వచ్చాడు. మొదటి ప్రొఫెషనల్ పోటీ ఓడిపోయాడు. తర్వాత మిడిల్‌వెయిట్ టైటిల్‌ను వరుసగా 20 సార్లు నిలబెట్టుకున్నాడు. 2005లో 40 ఏళ్ల వయసులో జెర్మెయిన్ టేలర్ చేతిలో అది పోయినప్పుడు ఇక అయిపోయిందని అందరం అనుకున్నాం, నాతో సహా.

ఆయన చేసిన తెలివైన పని, పై బరువుకు వెళ్లడం. మిడిల్‌వెయిట్ అంటే 72.5 కిలోలు. ప్రతి పోటీకీ శరీరాన్ని పిండి ఆ బరువుకు దించాలి. నలభై దాటిన శరీరం ఆ పిండుడుకు తట్టుకోదు. లైట్ హెవీవెయిట్ 79 కిలోల పైచిలుకు, హాయిగా తిని దిగవచ్చు. పోటీ లేని రోజుల్లో కూడా ఆయన బరువు పెరగనిచ్చేవాడు కాదు, మద్యం ముట్టేవాడు కాదు. ఫోర్‌మన్ హాంబర్గర్ల జోకులతో పోలిస్తే ఈయన సన్యాసి.

2010 డిసెంబరులో క్విబెక్ సిటీలో జాన్ పాస్కల్‌తో మొదటి పోటీలో రెండుసార్లు కింద పడి కూడా డ్రా చేసుకున్నాడు. 2011 మే 21న మాంట్రియల్‌లో మళ్లీ తలపడ్డారు. పాస్కల్‌కు 28, హాప్కిన్స్‌కు 46. ఏడో రౌండ్ గంట మోగే ముందు హాప్కిన్స్ రింగ్ మధ్యలో పుషప్‌లు తీశాడు. జనం నవ్వారు. పాస్కల్ మాత్రం అప్పటికి ఊపిరి కోసం కష్టపడుతున్నాడు. హాప్కిన్స్ ఆటలో చూడాల్సింది కొట్టిన దెబ్బలు కాదు, కొట్టనివ్వని దెబ్బలు. కుర్రవాడు దెబ్బ వేయబోయే క్షణాన అర అడుగు పక్కకు జరుగుతాడు, అంతే, ఆ కుర్రవాడు మళ్లీ పాదాలు సర్దుకోవాలి. సర్దుకునేలోపు ఒక కుడి చెయ్యి వేసి పట్టేసుకుంటాడు. పట్టులో తన బరువు మీద వేస్తాడు. రిఫరీ విడదీస్తాడు. మళ్లీ మొదలు. రౌండ్‌కు మూడు నిమిషాలుంటే నిజంగా కొట్టుకునేది ముప్పై సెకన్లే అన్నట్టు చేస్తాడు. చూడటానికి విసుగు పుడుతుంది. మొదట్లో నాకూ పుట్టింది. చేతులు ఎత్తకుండా చేసే ఈ విద్య అర్థం కావడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది. ముగ్గురు జడ్జీలూ హాప్కిన్స్ వైపే తీర్పిచ్చారు. ప్రపంచ టైటిల్ గెలిచినవాళ్లందరిలో పెద్ద వయసువాడన్న ఫోర్‌మన్ రికార్డు పోయింది.

అక్కడితో ఆగలేదు. 2013 మార్చిలో బ్రూక్లిన్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరుగని టావరిస్ క్లౌడ్‌ను 48 ఏళ్ల వయసులో ఓడించాడు. 49 ఏళ్లకు బైబుత్ షుమెనోవ్‌ను ఓడించి రెండో బెల్టు కలుపుకున్నాడు. తర్వాత 2014 నవంబరులో సెర్గీ కోవలెవ్ ఎదురయ్యాడు. కోవలెవ్ ఈ ఆట ఆడటానికి ఒప్పుకోలేదు. తొందరపడలేదు, పట్టులోకి రాలేదు, పొడవైన జాబ్‌తో దూరం తన చేతిలో ఉంచుకున్నాడు. మొదటి రౌండ్‌లోనే హాప్కిన్స్‌ను పడగొట్టాడు. 12 రౌండ్లలో ఒక్కటి కూడా హాప్కిన్స్‌కు ఇవ్వలేదు ఏ జడ్జీ. రెండేళ్ల తర్వాత, 51 ఏళ్ల వయసులో జో స్మిత్ అనే భవన నిర్మాణ కార్మికుడు కొట్టిన దెబ్బలకు తాళ్ల మధ్య నుంచి రింగ్ బయట పడ్డాడు. తిరిగి ఎక్కలేకపోయాడు. జీవితం మొత్తంలో దెబ్బలతో పోటీ ఆగిపోయి ఆయన ఓడింది ఆ ఒక్కసారే, అదే చివరి పోటీ.

రాబర్టో డ్యురాన్ 37 ఏళ్లకు, 1989 ఫిబ్రవరిలో, తనకంటే ఎంతో పొడవైన ఇరాన్ బార్క్‌లీ అనే అమెరికన్‌ను ఓడించి మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. 11వ రౌండ్‌లో పడగొట్టాడు కూడా. అక్కడా అదే కథ, బార్క్‌లీ ఎదురుగా నిలబడి కొట్టుకునే రకం. నా సిద్ధాంతానికి లొంగనివాడు మ్యానీ పాక్వియావ్. 2019 జులైలో 40 ఏళ్ల వయసులో కీత్ థర్మన్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టి గెలిచింది కాళ్ల వేగంతోనే. గాయాలతో థర్మన్ దాదాపు రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి వచ్చాడన్నది నిజమే కానీ, దాన్ని సాకుగా చెప్పి పాక్వియావ్ ఘనత తగ్గించలేను.

అలీ పేరు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. 1978 సెప్టెంబరులో 36 ఏళ్ల వయసులో లియాన్ స్పింక్స్‌ను ఓడించి మూడోసారి ఛాంపియన్ అయ్యాడు, పట్టులూ జాబులతో. గొప్ప సంగతే. కానీ ఆ గెలుపు ఆయనకు మేలు చేయలేదని నా అభిప్రాయం. ఇంకా నాలో ఆట ఉందన్న నమ్మకం ఇచ్చింది. 1980 అక్టోబరులో లారీ హోమ్స్ ముందుకు వెళ్లి పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ఆ పోటీని ఆపించింది డండీయే. 1984లో ఆయనకు పార్కిన్సన్ లక్షణాలున్నట్టు బయటికి వచ్చింది. హోమ్స్ పోటీ వీడియో నేను ఒకసారి చూశాను, మళ్లీ చూడలేదు.

ఒక్క మాట బెల్టుల గురించి. ఆర్చీ మూర్ కాలంలో ఒక బరువుకు ఒక్కడే ఛాంపియన్. ఇప్పుడు పెద్ద సంఘాలే నాలుగు, బరువు తరగతులు 17. 40 దాటినవాడు ప్రపంచ టైటిల్ గెలిచాడని వార్త చూసినప్పుడు ఎవరి మీద గెలిచాడో ముందు చూడండి. బెల్టు పేరు తర్వాత చూడవచ్చు.

మన దేశంలో ఈ మాట వస్తే మేరీ కోమ్‌ను వదిలేయలేం. అది అమెచ్యూర్ బాక్సింగ్, దాని లెక్క వేరు, మూడేసి నిమిషాల రౌండ్లు మూడే. అయినా ముగ్గురు పిల్లల తల్లిగా, 35 ఏళ్ల వయసులో 2018 నవంబరులో ఢిల్లీలో ఆరో ప్రపంచ స్వర్ణం గెలవడం చిన్న విషయం కాదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019 డిసెంబరులో జట్టు ఎంపిక ట్రయల్స్‌లో ఆమెకు ఎదురు నిలిచి 9-1తో ఓడింది. అప్పటికి నిఖత్ వయసు 23. మేరీ ఆమెను పట్టుల్లోకి లాగి, ఆమె లయ ఆమెకు దొరకనివ్వలేదు. రెండున్నరేళ్లలో నిఖత్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ ఇస్తాంబుల్ పోటీల్లో ఆమె దూరం ఎలా కాపాడుకుందో చూస్తే, ట్రయల్స్‌లో తిన్న పాఠం కనిపిస్తుంది నాకు.

ఇక మీ సంగతి. 39 ఏళ్లకు మళ్లీ మొదలుపెట్టవచ్చు, పోటీల కోసం మాత్రం కాదు. అంతర్జాతీయ అమెచ్యూర్ పోటీల్లో 40 దాటితే అనుమతే లేదు, దానికి కారణం ఉంది. వయసుతో మెదడు కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది, మెదడుకూ పుర్రెకూ మధ్య ఉండే సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయి. ఇరవై ఏళ్లవాడికి తలనొప్పితో పోయే దెబ్బ, ఆ వయసులో లోపల రక్తస్రావం చేయవచ్చు. కాబట్టి ముందు గుండె పరీక్ష, బీపీ, కళ్ల పరీక్ష చేయించుకోండి. మొదటి మూడు నెలలు మీ తలమీద ఎవరూ కొట్టకూడదు. తాడాట, బ్యాగ్, ప్యాడ్లు, షాడో బాక్సింగ్, అంతే. చీలమండలూ భుజాలూ దారికి రావడానికే ఆ మూడు నెలలు పడతాయి. ఆ తర్వాత స్పారింగ్ చేయాలనిపిస్తే మీ వయసువాడితో, సగం బలంతో, హెడ్‌గార్డ్ పెట్టుకుని చేయండి. హెడ్‌గార్డ్ కంటి మీద చీలికలను ఆపుతుంది, మెదడు కదలికను ఆపదు. పెట్టుకున్నాను కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. జిమ్‌లో ఎవరైనా కుర్రవాడు సరదాగా రెండు రౌండ్లు అని పిలిస్తే నవ్వి ఊరుకోండి. నా ముక్కు సంగతి చెప్పాను కదా.

మామయ్యగారికి ఆ పదో రౌండ్ వీడియో చూపించండి. ఫోర్‌మన్ చేతులు చూడొద్దని చెప్పండి. మొదటి కుడి దెబ్బ తగిలాక, రెండోది పడేలోపు, మూరర్ పాదాలు ఎక్కడున్నాయో చూడమనండి.